గృహమున పురాణ పఠనము – పిల్లల ‘ఊ’కారము

తల్లి బిడ్డను నిద్రపుచ్చుటకై కథ చెప్పుచున్నది. ఆ కథ విని బిడ్డ నిద్రించుటకు మారుగా దిగ్గున లేచి కూర్చున్నాడు. ఈ ముచ్చటను లీలాశుకుడు శ్రీకృష్ణకర్ణామృతమున ఒక్క శ్లోకములో ఇమిడ్చినాడు. తల్లి యశోద, బిడ్డ బాలకృష్ణుడు, కథ రామకథ. రాముడను వాడొకడు ఉండెనని తల్లి యనగా బిడ్డ హుంకరించెను. అతని ఇల్లాలు సీత యనగా మరల హుంకరించెను. తండ్రి మాట చొప్పున వారు పంచవటిలో విహరించుచుండగా రావణుడు సీతను ఎత్తుకొనిపోయెనని చెప్పినంతనే బాలకృష్ణునకు తాను గోకులమున తల్లి ప్రక్కను పండుకొని ఉన్న సంగతి మరపునకు వచ్చినది, పూర్వావతారము జ్ఞప్తికి వచ్చినది. లక్ష్మణుని పిలిచి విల్లు ఏది అని ముమ్మారు తొందరగా అడిగినాడట. ఆ తొందరపాటు పలుకులే మనలను కాపాడుగాక యని కవి ప్రార్థించినాడు.

పండితులు ఈ శ్లోకమును అవతారైక్యమును నిరూపించుటకు ఉదాహరింతురు. రసజ్ఞులు వాత్సల్యము నుండి వీరమునకు మారిన తీరును మెచ్చుకొందురు. రెండును యుక్తమే. అయితే పిల్లలు గల గృహస్థులు దీనియందు చూడదగిన విషయము మరియొకటి కలదు. అది యశోద కథ చెప్పిన విధానము. ఆమె రామాయణమును వర్ణనలతో ఆరంభింపలేదు. ఒక చిన్న మాట చెప్పి ఆగినది. బిడ్డ ‘హుం’ అనిన పిమ్మటనే రెండవ మాట చెప్పినది. ఆ సంస్కృత హుంకారమే తెలుగు ఇండ్లలోని ‘ఊ’. ‘ఊకొట్టుట’ అను క్రియ మన భాషలో ప్రత్యేకముగా కథ వినువాని కొరకే ఏర్పడినదా అనిపించును. ఊకొట్టనిచో కథ చెప్పనని బెదిరించు ముసలమ్మ లేని ఊరు తెలుగునాట లేదు. ఆమె బెదిరింపు వట్టి చమత్కారము కాదు. చీకటిలో పండుకొన్న బిడ్డ మేలుకొని ఉన్నాడో లేదో, కథ చెవికెక్కుచున్నదో లేదో, చెప్పువారికి తెలుపునది ఆ ఒక్క అక్షరమే. 

నేడు అనేక గృహములలో వినవచ్చు ఫిర్యాదు ఒకటే. సాయంకాలము దీపము పెట్టి, పోతనగారి భాగవతమో రామాయణ వచనమో తెరచి చదువ నారంభించిన పిల్లలు కూర్చుండరు. మొదటి పద్యమునకు కదలుదురు, రెండవ పద్యమునకు ఆవులింతురు, మూడవ పద్యమునకు లేచిపోవుదురు. తల్లిదండ్రులు కసరుదురు. “మాట్లాడక విను” అని గద్దింతురు. పిల్లవాడు కూర్చుండును గాని, వినడు. కొంతకాలమునకు పెద్దలకే విసుగు పుట్టి పుస్తకము అలమారలోనికి చేరును. ఈ కాలపు పిల్లలకు భక్తి లేదని తీర్మానమగును. తప్పు పిల్లలయందు ఉన్నదా, పఠన పద్ధతియందు ఉన్నదా అని విచారించువారు తక్కువ.

ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది విధముల భక్తిలో శ్రవణము మొదటిది. శ్రవణమనగా నోరు మూసికొని ఉండుట యని పలువురి భావన. పురాణముల నిర్మాణమును చూచిన ఆ భావన నిలువదు. నైమిశారణ్యమున శౌనకాదులు సూతుని ఆరు ప్రశ్నలు అడిగిరి. ఆ ప్రశ్నల నుండియే భాగవతము బయలుదేరినది. పరీక్షిత్తు అడుగగా శుకుడు చెప్పెను, విదురుడు అడుగగా మైత్రేయుడు చెప్పెను. భారతమునందును జనమేజయుడు అడుగుచుండగనే వైశంపాయనుడు చెప్పుచుండును. శ్రోత నోరు మూసికొన్నచో ఈ గ్రంథములే లేవు. పెద్దలకు ఇంత స్వేచ్ఛనిచ్చిన పురాణమును ఇంట చదువునపుడు పిల్లలకు మాత్రము మౌనము విధించుట ఏమి న్యాయము?

సప్తమస్కంధమున దీనికి చక్కని దృష్టాంతము ఉన్నది. చండామార్కులు గృహకృత్యములపై వెళ్ళగా, దైత్యబాలురు ఆటలకు సమయము దొరికినదని ప్రహ్లాదుని పిలిచిరి. అతడు వారిని కసరలేదు. నవ్వుచు, తీయని మాటలతో పలుకరించెను. వారు ఆటవస్తువులను విడిచి, అతని చుట్టు చేరి, అతని ముఖమునే చూచుచు కూర్చుండిరని నారదుడు చెప్పుచున్నాడు. కొంత విన్న పిమ్మట వారికొక సందేహము కలిగినది. మనమందరము ఈ గురువుల యొద్దనే గదా చదువుచున్నాము, అంతఃపురమున పెరిగిన నీకు మహాత్ముల సాంగత్యము ఎట్లు దొరికినది అని అడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానముగనే ప్రహ్లాదుడు మాతృగర్భమున నారదుని ఉపదేశము వినిన తన కథను చెప్పెను. తోటి పిల్లలు అడుగకపోయిన ఆ కథ మనకు అతని నోట వినబడెడిది కాదు.

ఈ విషయమును ఒక ప్రాంతమును ఉద్దేశించి ఆలోచించిన స్పష్టపడును. గోదావరి తీరమున పెద్దపల్లి జిల్లా కలదు. పూర్వము కరీంనగరము జిల్లాలోని భాగము, 2016 అక్టోబరులో ప్రత్యేక జిల్లా అయినది. వేదవిద్యకు ప్రసిద్ధి గన్న మంథని ఈ జిల్లాలోనిదే. ఓదెల మల్లన్న ఈ జిల్లాలోనే వెలసినాడు. గోదావరి వెంట ఎగువకు పోయినచో ధర్మపురి యోగ నృసింహుని సన్నిధి. ఈ పుణ్యస్థలముల నడుమ రామగుండము, గోదావరిఖని. పేరులోనే ఖని ఉన్నది. ఇల్లందు ప్రాంతమున 1889లో బొగ్గు తీయ నారంభించిన సింగరేణి సంస్థ గనులు ఇక్కడను విస్తరించినవి. గనిని ఇక్కడివారు ‘బాయి’ అందురు. తండ్రి బాయికి పోయినాడనిన నీళ్ళ బావికి కాదు, భూగర్భమునకు అని పసిపిల్లవానికి సయితము తెలియును.

బాయి పని మూడు షిఫ్టులుగా నడచును. ఒక వారము తండ్రి ప్రొద్దుననే వెళ్ళును, ఒక వారము మధ్యాహ్నము వెళ్ళి పిల్లలు నిద్రించిన పిమ్మట వచ్చును, ఒక వారము వారు నిద్రించు వేళకు బయలుదేరును. ఇట్టి గృహమున ప్రతి సాయంకాలము ఏడుగంటలకు తండ్రి వ్యాసపీఠము ముందు కూర్చుండి పురాణము చదువవలెనను నియమము నిలుచునా? నిలువదు. నియమము భంగమైనదని చింతించి మొత్తమునకే మానుకొను కుటుంబములు ఉండవచ్చును. మానుకొననక్కరలేదు. పఠనమునకు గడియారము కాదు, గుర్తు కావలెను. భోజనమైన పిమ్మట, లేదా చాప పరచిన పిమ్మట అని పెట్టుకొనిన ఏ షిఫ్టు వారమైనను సాగును. ఎవరు ఇంట ఉన్న వారు చదువుదురు. తల్లి ఒకనాడు, బాపమ్మ ఒకనాడు, తండ్రి సెలవునాడు. భోజనము ముందుగా జరుగుట మాత్రము ముఖ్యము. హరికథామృతము త్రాగుచున్న తనను ఆకలిదప్పులు బాధించుట లేదని పరీక్షిత్తు చెప్పుకొనెను. ఆయన రాజర్షి. ఆరేండ్ల బిడ్డను ఆకలి బాధించును.

పరిమాణము విషయమున పెద్దలు తరచు పొరపడుదురు. వాల్మీకి కుశలవులకు దినమునకు ఇరువది సర్గలు గానము చేయుడని చెప్పినట్లు ఉత్తరకాండమున ఉన్నది. అది యాగశాలలో రాజులు, మునులు వినుటకు ఏర్పరచిన పరిమాణము. ఇంటిలో బాలురకు గోదాదేవి చూపిన కొలత మేలు. తిరుప్పావై ముప్పది పాశురములు, ధనుర్మాసమున దినమునకు ఒక్క పాశురము. ఆ ఒక్కదానికై పిల్లలు చలిలో లేచి గుడికి పోవుదురు. ఇరువదియేడవ నాటి కూడారై ప్రసాదము కొరకు ముందునుండియే దినములు లెక్కించుకొందురు. ప్రసాదము కొరకు వచ్చుట భక్తి యగునా అని శంకించువారు కలరు. చేతిలోని ప్రసాదముతో పాటు చెవిలో ఒక పాశురము పడుచున్నది గదా! ఇంటి పఠనమును గూడ పావుగంటకు మించనీయక, ఇంకను కావలెనని బిడ్డ అడుగుచుండగనే పుస్తకము మూయుట ఉత్తమము.

అయితే ఎక్కడ మూయవలెననుటయందు వివేకము కావలెను. గజేంద్రుని కాలు మకరి పట్టినంతనే కథ ఆపి దీపమార్పిన, సుకుమార హృదయము గల బిడ్డ రాత్రియంతయు మొసలిని కలగనును. కుతూహలమును మిగిల్చి నిద్రపుచ్చవచ్చును గాని భయమును మిగిల్చి నిద్రపుచ్చరాదు. స్తంభము పగిలి నృసింహుడు వెలువడు ఘట్టమును పసివారికి చెప్పునపుడు హిరణ్యకశిపుని ప్రేగుల వర్ణనమును దాటివేసి, స్వామి ప్రహ్లాదుని శిరస్సుపై చేయి ఉంచిన చోటికి పోవుట దోషము కాదు. కథను సగములో విడుచుట వలని అనర్థమునకు అభిమన్యుని ఉదాహరణముగా చూపుదురు. తల్లి సుభద్ర పద్మవ్యూహ కథ వినుచు నిద్రపోయినందున గర్భస్థ శిశువు ప్రవేశమును మాత్రమే వినెనని లోకమున ప్రచారము. వ్యాసభారతమున అభిమన్యుడు తండ్రి తనకు వ్యూహభేదనమును ఉపదేశించెను గాని వెలువడుట తనకు సాధ్యము కాదని మాత్రమే చెప్పును. తల్లి నిద్ర ప్రసక్తి అక్కడ లేదు. లోకవాదమును చెప్పుకొనిన తప్పులేదు గాని నిద్రపోయిన తల్లిని నిందించుటకు దానిని వాడరాదు. పగలెల్ల పనిచేసిన తల్లికి పుస్తకము మీదనే కునుకు వచ్చుట సహజము.

ఇక భాష సంగతి. పోతన పద్యములు మధురములే, కాని సమాసములు దీర్ఘములు. తెలంగాణమున 2022–23 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలోను ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. ప్రైవేటు బడులలో అంతకు పూర్వమే ఉన్నది. అట్టి బడులలో చదువు బాలునికి ‘కాసారము’, ‘కుంభీంద్రము’ అను పదములు తెలియవని ఆశ్చర్యపడ నక్కరలేదు. పురాణ కాలక్షేపమున పౌరాణికుడు ముందు పద్యము చదివి పిదప తాత్పర్యము చెప్పును. ఆ క్రమము పెద్దలకు తగినది. పిల్లలకు దానిని తిరుగవేయవలెను. ముందు కథను ఇంటి మాటలలో, బిడ్డ రోజూ మాట్లాడు మాటలలోనే చెప్పవలెను. పద్యమునకు సరిపడు ఘట్టము వచ్చినపుడు ఆ ఒక్క పద్యమును రాగముతో చదువవలెను. అప్పుడు పద్యము బిడ్డకు తెలిసిన కథకే తొడిగిన ఆభరణమువలె వినబడును. తెలియని పదములు రెండుమూడు మిగిలినను చెవికి బాధ లేదు. ఆపదోద్ధారకుడు లక్ష్మీదేవికైనను చెప్పక పరుగెత్తి వచ్చిన ఘట్టమునకు కథ చేరిన తరువాత ఆ ప్రసిద్ధ పద్యము చదివిన, అర్థమడుగక మునుపే పిల్లలు నవ్వుదురు. శంఖచక్రములనైన తీసికొనుట మరచి పరుగెత్తు దేవుడు వారికి మిక్కిలి దగ్గరివాడుగా తోచును.

కఠిన పదమునకు నిఘంటువు అర్థము చెప్పుట కంటె కంటికి కనబడు వస్తువును చూపుట మేలు. కాళియుని కథలో ‘మడుగు’ వచ్చినది. మడుగనగా నేమని బిడ్డ అడిగినచో, పెద్దపల్లి వారికి సమాధానము దూరమున లేదు. మంథనికి సమీపమున శివారం అభయారణ్యము కలదు. అక్కడ గోదావరిలో ‘ఎల్ మడుగు’ అని లోతైన నీటిపట్టు ఉన్నది. ఆ అభయారణ్యము మొసళ్ళకు ప్రసిద్ధి. “మన గోదారిల మొసండ్లు ఉన్నయా బాపమ్మా?” అని మనుమడు అడుగును. “ఉన్నయి బిడ్డా. నీళ్ళల్ల దానికి బలమెక్కువ, ఒడ్డు మీదికొస్తె ఏం చెయ్యలేదు” అని బాపమ్మ చెప్పును. స్థానబలమను నీతి అంతటితో బోధపడినది. గజేంద్రుడంతటి వాడు మకరికి ఎట్లు చిక్కెనో వేరుగా వివరింప నక్కరలేదు.

ఈ ప్రాంతపు జానపద కళాకారులు ఈ రహస్యమును ఏనాడో ఎరిగినవారు. మల్లన్న, బీరప్పల కథలు చెప్పు ఒగ్గుకథకుని బృందమున ప్రధాన కథకునితో పాటు వంతపాడువారు ఉందురు. వారు కేవలము తాళము వేయుటకు లేరు. కథకుడొక మాట చెప్పగా అందుకొందురు, సందేహము అడుగుదురు, ఒక్కొక్కసారి పరిహాసము చేయుదురు. రాత్రి తెల్లవారులు కథ సాగుటకు కారణము కథకుని గొంతు మాత్రమే కాదు, ఆ అందుకొను గొంతులు గూడను. ఇంటిలో ఆ వంతస్థానము పిల్లలది. శతకములు దీనికి మిక్కిలి అనుకూలము. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకమును ఇంట చదువునపుడు పద్యమంతయు పెద్దలు చదివి, మకుటమును పిల్లలకు విడిచిపెట్టవలెను. సీసపద్యము ఎంత దీర్ఘమైనను చివర తమ వంతు రానున్నదని వారు కాచుకొని ఉందురు. కాచుకొని ఉండుటకు వినవలెను గదా! మూడేండ్ల పిల్ల గూడ మకుటమును వచ్చీరాని పలుకులతో అందుకొనును. నాలుగు దినములైన పిమ్మట పెద్దవాడు మకుటము పైపాదమును గూడ అందుకొనును.

దీనిని వేదపాఠశాలలోని సంథతో పోల్చువారు కలరు. గురువు ఒకసారి చెప్పగా శిష్యుడు రెండుసార్లు చెప్పు పద్ధతి అది. మంథనివంటి చోట్ల తరతరములుగా శ్రుతిని నిలిపినది ఆ పద్ధతియే. కాని సంథ వేరు, కథ వేరు. సంథలో స్వరము తప్పరాదు, తప్పిన దిద్దవలెను. కథ చదువునపుడు బిడ్డ తప్పు పలికిన ప్రతి చోట ఆపి దిద్దిన, మరునాడు అతడు నోరు విప్పడు. చదివిన పిమ్మట “ఇప్పుడు చెప్పు, గజేంద్రుని పూర్వజన్మ పేరేమి? మకరి ఎవరు?” అని పరీక్ష పెట్టుటయు ఇట్టిదే. ఇంద్రద్యుమ్నుడు, హూహూ అను పేర్లు ఇవ్వాళ రాకున్న మరుసటేట వచ్చును. ఊకొట్టించుట వేరు, అప్పజెప్పించుట వేరు.

పిల్లలు చెప్పిన కథనే మరల చెప్పుమందురు. పెద్దలకు విసుగు. నిన్న గజేంద్రుడు, మొన్న గజేంద్రుడు, నేడును గజేంద్రుడేనా యని ధ్రువుని కథ తీసిన అలుగుదురు. చెప్పవలసినదే. రెండవమారు చెప్పునపుడు ఒక మాట మార్చి చూచిన, “కాదు, నిన్న ఏనుగుకు దూపయింది, అందుకే నీళ్ళకు వొయింది అన్నవు” అని పిల్లవాడు సరిదిద్దును. త్రికూటమున ఎండవేడిమికి దప్పిగొని గజేంద్రుడు సరస్సు వెదకుకొనుచు వచ్చిన సంగతి అతనికి స్థిరపడినదన్నమాట.

సెల్‌ఫోనును నిందించుట నేడు ప్రతి వ్యాసమునకు అలవాటైనది. ఫోనులో భాగవత ప్రవచనములు లభించుచున్నవి, దూరముననున్న వృద్ధులకు అవి గొప్ప ఉపకారము. పిల్లల విషయమున దాని లోపము ఒక్కటే. అది ‘ఊ’ కొరకు ఆగదు. బిడ్డ నిద్రపోయినను చెప్పుకొనిపోవును, ప్రశ్న అడిగినను చెప్పుకొనిపోవును.

ఇంతవరకు చెప్పినవి సులభములు. కఠినమైనది వేరొకటి ఉన్నది. కథయందు నిజముగా లీనమైన బిడ్డ ఒకనాడు నిజమైన ప్రశ్న అడుగును. బాయి పనివారి గృహమున గజేంద్రమోక్షము చదువుచున్నారనుకొందము. తండ్రి రాత్రి షిఫ్టులో ఉన్నాడు. స్వామి పరుగెత్తి వచ్చినాడు, చక్రము మకరి శిరస్సును ఖండించినది. పిల్లవాడు ఊకొట్టుట మాని కొంతసేపు ఊరకుండి, “బాపు బాయిల ఉన్నప్పుడు గూడ దేవుడు ఇట్లనే ఉరికొస్తడా?” అని అడిగినాడు. ఈ ప్రశ్నను తప్పించుకొనరాదు. “తప్పక వస్తడు, బాపుకేం గాదు” అని ప్రమాణము చేసి చెప్పుట సులభము. కాని ఆ ఊరి పిల్లలు బడిలో, వీధిలో వేరు కథలును విని ఉందురు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ కుటుంబముల వారు, వారి బంధువులు, తోటి పనివారు ఆ నేలమీదనే ఉన్నారు. వారిలో దేవునికి మొక్కనివారు ఎవరు? బిడ్డ అది విని, “మరి వాళ్ళకెందుకు రాలే?” అని అడిగిన నాడు, క్రిందటి ప్రమాణము భాగవతము మీది నమ్మికను గూడ వెంట తీసికొనిపోవును.

పూర్వకర్మమని చెప్పి ముగించుట కొందరి పద్ధతి. శాస్త్రమున ఆ మాట లేకపోలేదు. కాని చీకటిలో తండ్రి రాకకై ఎదురుచూచుచున్న బిడ్డ ఎదుట, అంతకు మించి తండ్రిని పోగొట్టుకొన్న బిడ్డ వినుచుండగా, ఆ మాట నుచ్చరించుట శాస్త్రజ్ఞానము కాదు, కాఠిన్యము. తెలియని దానిని తెలియదని చెప్పుట మేలు. “ఎందుకు రాలేదో నాకెరుకలేదు బిడ్డా” అని బాపమ్మ చెప్పిన ఆమె గౌరవమునకు లోపము రాదు. తెలిసినది మాత్రము చెప్పవచ్చును. “బాపు పైలంగ ఉంటడు. టోపీకి దీపముంటది. పక్కపొంటి తోటోళ్ళు ఉంటరు, ఒకల్నొకలు సూసుకుంటరు. మనం ఇక్కడ మొక్కుదం.” ఇందు అసత్యము లేదు. గజేంద్రుడును ముందుగా చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. వేయి సంవత్సరములు తన బలముతో తాను పెనగులాడెను. తోటి ఏనుగులు ఈవలికి లాగి చూచినవి. ఆ పాటును చెప్పక, స్వామి రాకను మాత్రమే చెప్పిన కథ సగమే అగును.

కొంచెము పెద్దపిల్లలకు, పండ్రెండు పదునాలుగేండ్ల వారికి, ఇంకను ఒక మాట చెప్పవచ్చును. భాగవతము ఎవరికి చదువబడినది? ఏడు దినములలో తక్షకుని కాటుచే మరణించునని శాపము పొందిన పరీక్షిత్తునకు. శుకమహర్షి ఆ శాపమును తప్పింపలేదు. ఏడు దినములు కథ వినిన పిమ్మట తక్షకుడు రానే వచ్చినాడు, కరవనే కరచినాడు. ద్వాదశస్కంధము దీనిని దాచలేదు. అయినను అప్పటికి పరీక్షిత్తునకు భయము లేదు. ఆపద రానేరాదని చెప్పు గ్రంథమైనచో భాగవతమును ఆ రాజునకు చదువుట యేల? ఈ సంగతి ఎరిగిన పెద్దలకు బిడ్డ ప్రశ్న వలన భయము కలుగదు. సమాధానము దొరకక పోయినను పుస్తకము ప్రక్కకు పెట్టి, బిడ్డను దగ్గరకు తీసికొని, కొంతసేపు ఊరకుండవచ్చును. ఆ రాత్రి పఠనము అంతటితో అయినట్లే. పద్యసంఖ్య పూర్తికాలేదను చింత వలదు.

ఇంత చేసినను విననట్లే కనబడు పిల్లలు ఉందురు. ఒకడు బొమ్మబండిని నేలమీద త్రిప్పుచుండును, ఒకతె కిటికీనుండి వీధిలోనికి చూచుచుండును. వారిని కట్టి కూర్చుండబెట్ట నక్కరలేదు. నారదుడు ప్రహ్లాదుని తల్లికి ఉపదేశించునపుడు గర్భస్థ శిశువు వినుచున్నాడని ఆమె ఎరుగదు. చాలకాలము గడచినందున ఆమె ఆ ఉపదేశమును మరచెననియు, తాను మాత్రము మరువలేదనియు ప్రహ్లాదుడే మిత్రులకు చెప్పినాడు. గజేంద్రుడు ఆపదలో పఠించిన స్తోత్రము గూడ అప్పటికప్పుడు అల్లినది కాదు. పూర్వజన్మమున నేర్చినది, అవసరమునకు నోటికి వచ్చినది.

సెలవునాడు తండ్రి ఇంట ఉన్నాడు. వారమంతయు షిఫ్టుల వలన అతడు విననిది ఎంతో ఉన్నది. అతడే పుస్తకము తెరచి చదువవలెనని లేదు. అలసిన శరీరముతో చాపమీద మేను వాల్చి, “ఏనుగు కథ ఎందాక వొయింది?” అని అడిగిన చాలును. పిల్లవాడు లేచి కూర్చుండి చెప్ప నారంభించును. కొంత తప్పుగా, కొంత బాపమ్మ మాటలలో, కొంత తన మాటలలో చెప్పును. మకుటము వచ్చిన చోట చెల్లెలు అందుకొనును. నడుమ ఒకచోట ఆగి తండ్రి వైపు చూచును. తండ్రికి కన్ను మూతపడుచున్నది.

“బాపూ, ఊ కొట్టు.”

“ఊ.”